కోట్లు పోస్తే మిడ్‌ఫీల్డ్ కుదురుతుందా?

ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ గురించి ఒక వ్యాసం చదివాను. ‘ఈ వేసవిలో పెద్ద పేరున్న డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను (డిఫెండర్లకు ముందు నిలబడి ఆడేవాణ్ని) కొనకపోతే లివర్‌పూల్ పని అయిపోయినట్టే’ అన్న ఆ వ్యాసకర్త మాట లివర్‌పూల్ అభిమానినైన నాకు మింగుడు పడలేదు. 2023లో మిడ్‌ఫీల్డర్ కైసెడో కోసం అతని క్లబ్ బ్రైటన్‌తో లివర్‌పూల్‌కు 11.1 కోట్ల పౌండ్లకు బేరం కుదిరింది. తీరా చూస్తే కుర్రాడు మరో క్లబ్ చెల్సీకే వెళ్తానన్నాడు! బెంగళూరులో మా మారతహళ్లి తెలుగు బ్యాచ్ ఆ రోజు యాజమాన్యాన్ని తిట్టని తిట్టు లేదు. చివరికి జర్మన్ క్లబ్ స్టట్‌గార్ట్ నుంచి ముప్పై ఏళ్ల ఎండో వచ్చాడు. 2024లో మరో మిడ్‌ఫీల్డర్ జుబిమెండీ కూడా రానని స్పెయిన్ క్లబ్ రియల్ సోసిడాడ్‌లోనే ఉండిపోయాడు. అప్పుడు కోచ్ స్లాట్ ఏం చేశాడు? లివర్‌పూల్‌కు వచ్చిన మొదటి సీజన్‌లో (2023-24) జట్టులో స్థిరమైన చోటే లేని గ్రావెన్‌బెర్క్‌ను ఆ స్థానంలో ఆడించాడు. 2024-25 లీగ్ టైటిల్ మనదే.

అలాగని అసలు కొనొద్దని కాదు. మిడ్‌ఫీల్డర్ రైస్ మీద ఇంకో క్లబ్ ఆర్సెనల్ 10 కోట్ల పౌండ్లు పెట్టింది, అతను ఆ డబ్బుకు న్యాయం చేశాడు. (ఆర్సెనల్ అభిమాని అయిన మా బావ ఇది చదవకపోతే బాగుండు.) కానీ కొత్తగా వచ్చేవాడు ఎవరి పక్కన ఆడాలి, ఎవరిని బెంచీకి పంపాలి? వ్యాసంలో ఆ ముక్కే లేదు. ఎంతసేపూ ధర, ఏజెంటు, మెడికల్ టెస్టు!