ఒంటె ముద్ర ఉన్న చెంచాని పారేయకండి

బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. చారిటీ షాపుల్లో, ఆదివారం సంతల్లో పాతకాలపు వెండి చెంచాలు, ఫోర్కులు, స్కాట్లండ్ బాకులు కారుచౌకగా దొరుకుతాయట. వాటిని గుర్తుపట్టే చిట్కాలు కూడా అందులోనే ఉన్నాయి. పాత చెంచాలు పోగేసే పిచ్చి నాకుందని తెలిసిన నలుగురు దాన్ని నాకు పంపి, ఇదంతా నిజమేనా అని అడిగారు. నలుగురికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. మెసేజ్‌లోని మాటలు కొటేషన్లలో ఉన్నాయి.

"అయస్కాంతం అంటుకోకుండా, నల్లబడి ఉంటే అది అసలు వెండి."

అయస్కాంతం రాగికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు. అన్నిటికన్నా ముఖ్యంగా జర్మన్ సిల్వర్‌కి అంటుకోదు. మన పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెలు చాలావరకు ఆ లోహంవే. రాగి, నికెల్, జింక్ కలిపి చేస్తారు, పేరులో తప్ప అందులో వెండి లేదు. 1840లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ కంపెనీ విద్యుత్తుతో వెండి పూత పూసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. ఆ తర్వాత ఇదే లోహంతో చెంచాలు చేసి, పైన పలచగా వెండి పూసి, మధ్యతరగతి ఇళ్ళన్నిటికీ అమ్మారు. పైపూత నిజం వెండే కాబట్టి గాలిలోని గంధకం తగిలి అదీ నల్లబడుతుంది. అంటే నలుపు చెప్పేది పైపొర సంగతే, లోపల ఏముందో చెప్పదు. ఫోర్కు ముళ్ళ చివర్లు, చెంచా అడుగున బల్లకి రాసుకునే చోటు చూడండి. పూత అయితే అక్కడ అరిగి పసుపు బూడిద రంగు బయటపడుతుంది.

"ఈపీఎన్ఎస్, ఏ1 అని ఉంటే ఫస్ట్ క్వాలిటీ వెండి."

ఈ మాటకి నేనే బలయ్యాను. మొదట కొన్న ఆరు ఫోర్కుల వెనక నాలుగు చిన్న డాళ్ళు, ఒక్కో డాలులో ఒక్కో వంకర అక్షరం చూసి హాల్‌మార్క్ అనుకుని మురిసిపోయాను. అమ్మినాయన కూడా "విక్టోరియా కాలం నాటిది" అన్నాడే గానీ వెండి కాదని అనలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే ఆ నాలుగు అక్షరాలే ఈ, పీ, ఎన్, ఎస్. ఎలక్ట్రోప్లేట్ చేసిన నికెల్ సిల్వర్ అని దాని అర్థం. ఏ1 అనేది పూత ఎంత మందమో చెప్పే మాట, వెండి స్వచ్ఛతకి సంబంధం లేదు. దూరం నుంచి హాల్‌మార్క్‌లా కనిపించాలనే ఆ అక్షరాలను డాళ్ళలో పెట్టేవారు. ఆ ఫోర్కులతో ఇప్పటికీ నూడుల్స్ తింటున్నాం.

"సింహం బొమ్మ లేకపోతే వెండి కాదు, పారేయండి."

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. నడుస్తున్న సింహం ఇంగ్లండ్ ముద్ర. స్కాట్లండ్ లెక్క వేరు. ఎడింబరోలో పరీక్ష చేసిన వెండి మీద మూడు బురుజుల కోట ఉంటుంది. దాని పక్కన 1759 నుంచి 1970ల దాకా తిసిల్ అనే ముళ్ళ పువ్వు వేశారు. నిటారుగా లేచి నిలబడ్డ సింహం దాని స్థానంలోకి వచ్చింది 1975లో. కాబట్టి 1800 నాటి ఎడింబరో చెంచా మీద సింహం లేకపోవడమే సరైనది. గ్లాస్గో ముద్ర మరోలా ఉంటుంది. ఆ నగర చిహ్నంలోని చెట్టు, పిట్ట, గంట, చేప ఒకే ముద్రలో ఇరుక్కుని ఉంటాయి. అక్కడి పరీక్షా కార్యాలయం 1819లో మొదలై 1964లో మూతపడింది. వీటికి తోడు 1784 నుంచి 1890 వరకు పన్ను కట్టినట్టు రాజు లేదా రాణి తల ముద్ర వేసేవారు, బ్రిటన్ అంతటా. తల కనిపించిందంటే కాలం సగం తేలినట్టే.

ఇక చిన్న ఊళ్ళ కంసాలులు ఉన్నారు. అబర్డీన్, పెర్త్, డండీ, ఎల్గిన్, బాన్ఫ్, టెయిన్, విక్ లాంటి చోట్ల పనిచేసేవాళ్ళు నాలుగు చెంచాల కోసం గుంతల దారిలో ఎడింబరో దాకా ఏం వెళ్తారు? సొంత ముద్రలు కొట్టుకునేవారు. అబర్డీన్ వాళ్ళు ఏబీడీ అని, ఇన్వర్నెస్ వాళ్ళు ఐఎన్ఎస్ అని. ఇన్వర్నెస్ వెండి మీద ఒక్కోసారి ఒంటె కూడా ఉంటుంది. మంచు కురిసే హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ కొండ ప్రాంతంలో, ఒంటె ఏంటని నేనూ నవ్వుకున్నాను. ఆ ఊరి చిహ్నానికి ఒక పక్క ఒంటె, ఇంకో పక్క ఏనుగు. ఇలాంటి ముద్రలున్న చెంచాకి అదే బరువున్న మామూలు లండన్ చెంచా కన్నా ధర ఎక్కువ పలుకుతుంది. మెసేజ్ పారేయమంటున్నది వీటినే.

"సెట్టు కాటా మీద పెట్టండి, గ్రాముల్ని ఆ రోజు వెండి రేటుతో హెచ్చవేయండి."

చెంచాలకీ ఫోర్కులకీ సరే. భోజనం చాకుల దగ్గర బోల్తా పడతారు. వాటి అలుగు ఉక్కు. పిడి మాత్రం పలచటి వెండి రేకుని రెండు దొప్పలుగా నొక్కి, అతికి, లోపల గుగ్గిలం లాంటి ముద్ద నింపి చేసింది. మన బోలు నగల్లో లక్క నింపరూ, అలాగన్నమాట. వేడి నీళ్ళలో నానబెడితే ఆ ముద్ద మెత్తబడి అలుగు ఊడి చేతికొస్తుంది. డజను చాకులు కిలో తూగినా అందులో వెండి కొద్దిపాటే. అలుగు మీద స్టెయిన్‌లెస్ అని ఉంటే, పిడి ఎంత పాతదైనా ఆ అలుగు మాత్రం 1913 తర్వాతదే. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కుని పోత పోసింది ఆ ఏడాదే.

"నల్లటివన్నీ తళతళా తోమితే ధర రెట్టింపు."

తోమకండి. విబూదితో మెల్లగా తుడవడం వేరు, బ్రష్ పెట్టి రుద్దడం వేరు. ముద్ర అరిగిపోతే మిగిలేది కాటా ధరే.

"దంతం పిడుల చాకులు దొరికితే వదలొద్దు, తిరిగి అమ్మితే లాభం."

బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పిడి మొత్తం దంతంతో చేసిన మామూలు చాకుని ఇప్పుడు అమ్మడం నేరం. ఎముక పిడి అయితే ఇబ్బంది లేదు, కానీ ఏది దంతమో ఏది ఎముకో తేల్చగలిగే కన్ను ఉండాలి.

"మేజోడులో దోపుకునే స్కీన్ డూ కలోడన్ యుద్ధంలో హైలాండ్ వీరులు వాడిన రహస్య ఆయుధం. పిడికి పసుపు రాయి ఉంటే 1746 నాటిదే."

హైలాండ్ తిరుగుబాటుదారులకీ బ్రిటిష్ ప్రభుత్వ సైన్యానికీ మధ్య కలోడన్ యుద్ధం 1746 ఏప్రిల్ 16న జరిగింది. హైలాండ్ సైనికుడు కుడి చేత వెడల్పాటి కత్తి, ఎడమ చేతికి గుండ్రటి డాలు, ఆ డాలు వెనక పిడికిట్లో డర్క్ అనే పొడుగు బాకు పట్టుకుని ఉరికేవాడు. జానెడు కూడా లేని మేజోడు చాకుతో తుపాకుల వరసల మీదికి ఎవరు వెళ్తారు? హైలాండ్ వాళ్ళు ఓడిపోయాక ఆయుధాల మీద పట్టు బిగిసింది, మగవాళ్ళు హైలాండ్ దుస్తులు వేసుకోవడాన్ని కూడా చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రం దాటించేవారు. సైన్యంలో ఉన్నవాళ్ళకే మినహాయింపు. ఆ నిషేధం 1782లో పోయింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఊరంతటికీ కిల్టులు, అంటే మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లంగాలు, కట్టించినంత పని చేశాడు. తర్వాత విక్టోరియా రాణి స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో కాపురం పెట్టడంతో అదే ఫ్యాషన్ అయింది. స్కీన్ డూ నిలకడగా కనిపించేది ఈ 19వ శతాబ్దపు దుస్తుల్లోనే. చంకలో దాచుకునే చాకు దానికి పూర్వీకురాలని చెబుతారు, అయి ఉండొచ్చు. పసుపు రాయి కెయిర్న్‌గార్మ్ కొండల్లో దొరికే ఒక రకం స్ఫటికం. పిడి కొనలో దాన్ని పొదగడం విక్టోరియా కాలపు మోజు. పాత డర్క్ పిడి చెక్కదే, మీద చెక్కిన ముడుల అల్లిక, తల చదునుగా బిళ్ళలా ఉంటుంది. రాయి ఉంటే వస్తువు మరింత పాతదని కాదు, కొత్తదని అర్థం.

"కిల్టులు కట్టే ఊళ్ళో ఎక్కడైనా బాకు పెట్టుకోవచ్చు."

జాతీయ దుస్తుల్లో భాగంగా అయితే స్కాట్లండ్‌లో 1995 నాటి చట్టం ఒప్పుకుంటుంది. జీన్స్ మీద, బ్యాగులో అడుగున పెట్టుకుని తిరిగితే ఆ రక్షణ లేదు. ఇండియాకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు అక్కడి ఆయుధాల నియమాలు కూడా చూసుకోండి, డర్క్ అలుగు 9 అంగుళాలు దాటడం మామూలే.

"ఒరలో చాకూ ఫోర్కూ ఉన్న డర్క్ టూరిస్టు బొమ్మ, కొనొద్దు."

చెంచాల మనిషిని నేను బాకుల వైపు తిరిగిందే ఆ ఫోర్కు వల్ల. ప్రయాణంలో భోజనం సరంజామా ఎవరిది వాళ్ళు తెచ్చుకునే రోజుల్లో, ఒరకి ముందువైపు చిన్న అర కుట్టి ఒక చాకు పెట్టేవారు. తర్వాత దాని పక్కన ఫోర్కు చేరింది. ఒట్టు పెట్టినా, పోట్లాడినా, మాంసం కోసినా అదే మొలలోని సామాను. తర్వాతి కాలంలో హైలాండ్ రెజిమెంట్ల అధికారుల డర్కులకి కూడా ఆ జంట అలాగే మిగిలింది, పసుపు రాళ్ళతో సహా. వాటిమీద ఎడింబరో కోట ముద్ర ఉంటే పక్కనున్న అక్షరం చూసి ఏడాది కూడా చెప్పొచ్చు. చూడాల్సింది మూడింటి పిడులూ ఒకే చేతి పనా కాదా అని. చిన్న వస్తువు గనక ఫోర్కే ముందు పోతుంది, దాని బదులు ఇంకో సెట్టుది తెచ్చి దోపుతారు. అల్లిక కలవకపోయినా, ఒరలో వదులుగా ఊగినా, ధర తగ్గించి అడగండి.