గొడవ చల్లారేదాకా కుర్చీలో కూర్చోవడం ఎలా?

క్రీడా సమాఖ్యకు అధ్యక్షుడు కావడం ఎలాగో చెప్పేవాళ్లకు మన దేశంలో కొదవ లేదు. క్రీడాకారిణులు రోడ్డెక్కి, టీవీ కెమెరాలు గేటు ముందు కాపు కాసిన రోజున ఆ కుర్చీ దిగకుండా ఉండటం ఎలాగో చెప్పేవాళ్లే కరవయ్యారు. ఆ లోటు తీర్చడానికే ఈ చిన్న ప్రయత్నం. సూత్రం తేలికే. జనం కోపానికి ఆయుష్షు కొన్ని వారాలు, పదవీకాలం నాలుగేళ్లు. కోపం చల్లారేదాకా ఏదో ఒకటి జరుగుతున్నట్టు కనబడాలి.

ముందు ఏం చేయకూడదో చూద్దాం. స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ దీనికి మంచి ఉదాహరణ. 2023 ఆగస్టు 20న సిడ్నీలో మహిళల ప్రపంచకప్ గెలిచాక పతకాల వేదిక మీదే ఆయన జట్టు క్రీడాకారిణి జెన్నీ హెర్మోసో పెదాలపై ముద్దు పెట్టారు. అయిదు రోజులకే సమాఖ్య సర్వసభ్య సమావేశం పెట్టి ‘రాజీనామా చేయను’ అని ఒకటికి అయిదుసార్లు అన్నారు. చప్పట్లు మోగాయి. మర్నాడు ఫిఫా సస్పెండ్ చేసింది. కప్పు గెలిచిన 23 మందితో సహా 81 మంది క్రీడాకారిణులు ఈ నాయకత్వం కింద ఆడబోమన్నారు. ఇరవై ఎనిమిదో తేదీకల్లా ప్రాంతీయ సంఘాల అధ్యక్షులే ‘దయచేయండి’ అన్నారు. చప్పట్లకు మూడు రోజులకు మించి గ్యారంటీ ఉండదని దీన్నిబట్టి గ్రహించాలి. సెప్టెంబరు 10న ఆయన దిగిపోయారు, 2025 ఫిబ్రవరిలో కోర్టు లైంగిక దాడి నేరం కింద 10,800 యూరోల జరిమానా వేసింది. ఆయన చేసిన తప్పల్లా తొందర. తనే మాట్లాడారు, అదీ మొదటి వారంలోనే. ఒక్క కమిటీ అయినా వేసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఈ విద్యలో మనవాళ్లు చాలా ముందున్నారు. 2023 జనవరి 18న రెజ్లర్లు వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా ఢిల్లీలోని జంతర్ మంతర్ దగ్గర కూర్చుని, రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించారు. ఆరుగురు రెజ్లర్ల ఫిర్యాదుల్లో అయిదింటి మీద 2024 మేలో ఢిల్లీ కోర్టు అభియోగాల నమోదుకు ఆదేశించింది. మైనర్ ఫిర్యాదు మీద పెట్టిన పోక్సో కేసును 2025 మేలో మూసేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మన పని నేర్చుకోవడం.

మొదటి పాఠం, కమిటీ ముందే ఉండాలి, కాగితం మీద. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి పోష్ చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి సీనియర్ మహిళా ఉద్యోగి నేతృత్వం వహించాలి, సగం మందైనా మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక అందిన 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. కమిటీయే వేయకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా. ఒక జట్టు విమాన టికెట్ల ఖర్చు కూడా కాదది, కంగారు పడకండి. అప్పటి రెజ్లింగ్ సమాఖ్య కమిటీకి ప్రధాన కార్యదర్శి పెద్ద, ఆయన పురుషుడు. అయిదుగురిలో మహిళ ఒక్కరే. ఆ ఒక్కరూ సాక్షి మలిక్! సభ్యురాలే ధర్నాలో కూర్చుంటే కోరం సంగతేమిటో చట్టంలో రాయలేదు పాపం.

రెండోది, కొత్త కమిటీలు. ఒకటి చాలదు. ఒలింపిక్ సంఘం ఏడుగురితో ఒకటి వేసింది, కేంద్ర క్రీడాశాఖ అయిదుగురితో ఇంకొకటి. రెండింటికీ పెద్ద మేరీ కోమే. పతక విజేతను ముందు కూర్చోబెడితే విమర్శించాలనుకున్నవాడికీ నోరు రాదు. మమ్మల్ని అడగకుండా వేశారేమని రెజ్లర్లు అంటే, ఫోగాట్ల ఇంటినుంచే బబితను ఆరో సభ్యురాలిగా కలిపారు. గడువు నాలుగు వారాలన్నారు, పొడిగించారు, నివేదిక ఏప్రిల్లో వచ్చింది. మొత్తం నివేదిక జనానికి అందలేదు. అంతర్గత కమిటీ సరిగ్గా లేదన్నట్టి కొన్ని ముక్కలు మాత్రం బయటికొచ్చాయి. ఈలోగా సమాఖ్య సహాయ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. పెద్దకుర్చీ కదలకుండా ఉండాలంటే చిన్నకుర్చీ ఒకటి అందుబాటులో ఉంచుకోవాలి మరి.

మూడోది, మీరు మాట్లాడకండి, పేరున్న క్రీడాకారులు మాట్లాడతారు. ఏప్రిల్ 23న రెజ్లర్లు మళ్లీ జంతర్ మంతర్ చేరితే, రోడ్డెక్కడం క్రమశిక్షణారాహిత్యమని, దేశం పరువు పోతోందని అన్నది ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష. అధ్యక్షుడే అని ఉంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడనేవారు.

ఇక అసలు ప్రమాదం ఫొటో. ఆరోపణ కాగితంలో ఉన్నన్నాళ్లు ఫర్వాలేదు. మే 28న కొత్త పార్లమెంటు ప్రారంభోత్సవం రోజున పోలీసులు రెజ్లర్లను ఈడ్చుకెళ్లిన ఫొటో వచ్చింది. మే 30న హరిద్వార్‌లో పతకాలు గంగలో కలపడానికి వెళ్లారు. రైతు నాయకుడు నరేశ్ టికాయత్ వాటిని తన చేతుల్లోకి తీసుకోకపోతే ఒలింపిక్ కాంస్యాలు నీళ్లపాలయ్యేవి. కోపానికి ఇలాంటి ఫొటో ఒక్కటి చాలు, మరో ఆర్నెల్ల ఆయుష్షు పోస్తుంది. జూన్ 15కల్లా పోలీసులు చార్జిషీటు వేయాల్సొచ్చింది. ఎన్నికలు సకాలంలో పెట్టలేదని ఆగస్టులో ప్రపంచ రెజ్లింగ్ సంఘం మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. సెప్టెంబరులో అంతిమ్ పంఘల్ ప్రపంచ కాంస్యం గెలిచిందీ మన జెండా కింద కాదు. ఆ నష్టం ఆటగాళ్ల ఖాతాలోనే పడుతుంది, అధ్యక్షుల ఖాతాలోకి రాదు.

చివరిది ఎన్నికలు. క్రీడా సమాఖ్యలకు కేంద్రం పెట్టిన నియమావళి, స్పోర్ట్స్ కోడ్, పన్నెండేళ్లు దాటితే దిగమనేది. దిగండి, మనిషిని నిలబెట్టండి. రాష్ట్రానికి రెండేసి ఓట్లు, వేసేది రాష్ట్ర సంఘాల వాళ్లు, రెజ్లర్లు కాదు. 2023 డిసెంబరు 21న బ్రిజ్ భూషణ్ సన్నిహితుడు సంజయ్ సింగ్‌కు 40 ఓట్లు, కామన్వెల్త్ స్వర్ణ విజేత అనితా షెరాన్‌కు 7. ఆ సాయంత్రమే సాక్షి మలిక్ తన బూట్లు బల్లమీద పెట్టి ఆట మానేస్తున్నానన్నారు. మళ్లీ ఫొటో!

అక్కడ జరిగిన పొరపాటు ఒకటుంది. అదే రోజు మాజీ అధ్యక్షుడి ఇంటి దగ్గర ‘పెత్తనం ఉంది, పెత్తనం ఉంటుంది’ అని హిందీలో పోస్టర్లు వెలిశాయి. ఆ వెంటనే ఉత్తరప్రదేశ్‌లో ఆయన సొంత జిల్లా గోండాలోని నందినీ నగర్‌లో జూనియర్ పోటీలు ప్రకటించారు, పదిహేను రోజుల నోటీసు కూడా లేకుండా. మూడో రోజున క్రీడాశాఖ కొత్త కార్యవర్గాన్ని సస్పెండ్ చేసింది. 2025 మార్చిలో ఆ సస్పెన్షన్ ఎత్తేసింది. కాబట్టి దండలు గెలిచిన రోజే వేయించుకోవచ్చు, పోస్టర్లు మాత్రం పదిహేను నెలలు ఆగి అచ్చు వేయించుకోవాలి.