వెండిరంగు స్కిడ్ ప్లేటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కింది రాళ్ల దెబ్బల నుంచి ఇంజన్‌ను కాపాడేవారిగా పేరుపొంది, కారు ముందు బంపరు అడుగున కొలువైయున్న వెండిరంగు స్కిడ్ ప్లేటు గారి దివ్యసముఖానికి,

హైదరాబాదు నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ ఇంజన్ అడుగున ఆయిలు నిలవుండే చాంబరు తప్ప తక్కిన అందరమూ క్షేమం. మొన్న వికారాబాద్ దాటాక, అనంతగిరి గుట్టల పక్క మట్టిదారిలో ఒక రాయి మిమ్మల్ని మాటవరసకైనా పలకరించకుండా మీ కిందుగా దూరి, నేరుగా వెళ్లి చాంబరుకు తగిలింది. బండిని ర్యాంపు ఎక్కించి చూసిన మేస్త్రీ, "చాంబర్ పలిగింది సార్, ఈ ప్లేటుకు మాత్రం గీత గూడ పడలే" అన్నాడు. ఇంత జాగ్రత్తగా మిమ్మల్ని మీరు కాపాడుకున్నందుకు ముందుగా అభినందనలు.

షోరూములో సేల్స్ కుర్రవాడు వంగి, మొబైల్ టార్చి వేసి మరీ మిమ్మల్ని చూపించి, "ఆఫ్‌రోడ్‌లో కింద నుంచి పూర్తి రక్షణ సార్" అన్నప్పుడు మీ మెరుపు చూసి మా ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ర్యాంపు కింద నిలబడి దగ్గరగా చూస్తే మీరు బంపరుతో కలిపి పోసిన ప్లాస్టిక్ అనీ, పైన ఉన్నది వెండిరంగు పూత అనీ తెలిసింది. మీ రెండు చివర్లా ఠీవిగా కనిపించే బోల్టు తలలు సైతం ఆ ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసినవి. వాటికి ఏ సైజు పానా పట్టదు, పట్టినా అవి తిరగవు, తిరిగినా వాటి వెనక బిగించినదేమీ లేదు. మీ వెనక ఇంజన్ కింద క్లిప్పులతో వేలాడే పలుచని నల్లషీటును మాత్రం నేను నిందించను. అది బురదా నీళ్లూ పైకి చిమ్మకుండా ఆపడానికి వచ్చింది, ఆ పని చేస్తోంది, రాళ్ల సంగతి తాను చూసుకుంటానని ఏనాడూ చెప్పుకోలేదు.

మీ పేరుతోనే చెలామణి అయ్యే అసలు వారు ఎలా ఉంటారో మీకు ఎవరూ చెప్పి ఉండరు. వారు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్లేటు, లేదా ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం. అయితే మందం ఎంతైనా వారు దేన్ని పట్టుకుని ఉన్నారన్నదే అసలు విషయం. బండి బరువంతా రాయి మీద ఆగిన క్షణాన ఆ బరువు ప్లేటు నుంచి బండికి అస్థిపంజరం లాంటి ఛాసిస్‌కు చేరాలే గాని చాంబరుకో గేర్‌బాక్సుకో చేరకూడదు కాబట్టి, వారిని ఛాసిస్‌కే బిగిస్తారు, ప్లేటు కాస్త వంగినా చాంబరుకు తగలనంత ఖాళీ మధ్యలో వదులుతారు, రాయికి ఎదురుపడే అంచును పైకి వంచుతారు, బోల్టు తలలు రాతి అంచుకు చిక్కి తెగిపోకుండా గుంటల్లో దాస్తారు. ఇంజన్ ఒక్కదాన్ని కప్పితే సరిపోదు, ఎందుకంటే ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్సు వెనక, ఇంజన్ శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, ఇంకా ఇంధనం ట్యాంకు ఉంటుంది. వెనక ఇరుసు మధ్యన ఉబ్బి ఉండే పళ్లచక్రాల డిప్ప, అంటే క్రౌన్ సంగతి మరీ విచిత్రం. రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపే రిజిడ్ ఇరుసు ఉన్న బండిలో అది చక్రాలతోపాటే ఉంటుంది గనుక, పొడుగు స్ప్రింగులు వేసి బాడీని ఎంత పైకి లేపినా క్రౌన్ నేలకు అంతే దగ్గరగా ఉంటుంది. పెద్ద టైర్లు వేస్తేనే పైకి వస్తుంది. అందుకే చేయి తిరిగిన డ్రైవర్లు రాయిని చక్రాల మధ్యకు రానివ్వకుండా టైరునే రాయి మీదకు ఎక్కిస్తారు. జిమ్నీకి 210, థార్‌కు 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, అని కంపెనీలు ప్రకటిస్తాయి గాని, గతుకులో పడి స్ప్రింగులు అణిగినప్పుడు బండి పొట్ట కింద అంత జాగా మిగలదు.

ఇక మీ ప్రత్యర్థుల గురించి. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాళ్లను కాపాడటానికి ఈ నగరంలో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘమే ఏర్పడింది. రాళ్లకు సంఘం ఉంది, చాంబరుకు మీరున్నారు.

జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా మీ ఉద్యోగానికి నేను వంక పెట్టను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాల్సింది. మా కాలనీలో రాత్రికి రాత్రి సిమెంటుతో వెలిసినవాటికి ఆ కొలతలతో పరిచయం లేకపోయినా, పాపం అవి కూడా మీ జోలికి రాలేదు.

బీమా సంగతి క్లుప్తంగా: మామూలు కాంప్రిహెన్సివ్ మోటారు పాలసీ దృష్టిలో చాంబరు పగలడం ప్రమాదం, ఆయిలు కారిపోయాక బండి నడిపి ఇంజన్ బిగుసుకుపోయేలా చేసుకోవడం యజమాని ఘనత. రెండోదానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే ప్రీమియం కట్టి ఉండాలి.

కావున బాలానగర్‌లో లేజరు కటింగు చేసే ఒక షెడ్డులో నాలుగు మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటుకు ఆర్డరు ఇచ్చానని తెలియజేయడానికి చింతిస్తున్నాను. అది చదరపు మీటరుకు దాదాపు 31 కిలోలు తూగుతుంది. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 16 కిలోలే గాని, మెత్తని లోహం గనుక రాతి అంచు అందులో దిగబడుతుంది, ఉక్కు మాత్రం రాయి మీద జారి ముందుకు పోతుంది. రాబోయేవారు కూడా నిర్దోషులు కారు. వారి బరువుకు మైలేజీ తగ్గుతుంది, వారి ఒడిలో బురద పేరుకుని తుప్పుకు దారితీస్తుంది, ఎండుగడ్డి ఇరుక్కుని కాగిన సైలెన్సరుకు తగిలితే మంటే అంటుకోవచ్చు. పాత ఆయిలు దించే డ్రెయిన్ బోల్టుకు ఎదురుగా రంధ్రం పెట్టించకపోతే ఆయిల్ మార్చినప్పుడల్లా మొత్తం విప్పాల్సి వస్తుందని మేస్త్రీ మరీ మరీ చెప్పాడు. విప్పి బిగించే బాధ తనది కదా.

మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించడం లేదు. బంపరుతో కలిపి పోసినవారు కనుక అది సాధ్యమూ కాదు. ఫంక్షన్ హాళ్ల ముందు పార్కింగులో యథాప్రకారం మెరుస్తూ ఉండండి. కొత్తవారి బిగింపు వచ్చే ఆదివారం. ఆ రోజు ఎవరైనా పానా పట్టుకుని మీ వైపు వస్తే కంగారు పడవద్దు, వారికి మీతో పనేమీ ఉండదు.

ఇట్లు,
చాంబరు బిల్లు కట్టిన
మీ యజమాని