అందరూ తిరిగి ఎక్కే ఓడ

మలేసియాలోని పినాంగ్‌లో మా ఓడ రేవుకు చేరింది మధ్యాహ్నం రెండు గంటలకు. దిగే దారిలో నిలువెత్తు బోర్డు పెట్టారు. దాని మీద ఊరి పేరు చిన్నగా, సమయం పెద్దగా రాసి ఉంది: రాత్రి ఎనిమిదిన్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. మెడలో వేలాడే కార్డును యంత్రానికి ఆనిస్తే కుయ్యిమంటుంది, తెర మీద మన ఫొటో పడుతుంది, ఊళ్లోకి వెళ్లినట్టు లెక్క. తిరిగొచ్చాక మళ్లీ కుయ్యిమంటుంది. దిగినవాళ్ల లెక్క, ఎక్కినవాళ్ల లెక్క సరిచూసుకుని తాళ్లు విప్పుతారు. మా పిన్ని ఆ బోర్డును ఫోనులో ఫొటో తీసుకుంది. ఆ సాయంత్రం ఊరికంటే ఆ ఫొటోనే ఎక్కువసార్లు చూసుకుంది.

మాది చెన్నైలో పెరంబూరు. విమానంలో సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి, నాలుగు రాత్రుల యాత్ర చేసి వచ్చాం. నేను, నా భార్య, పిన్ని, కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన బాబాయి. యాత్ర పేరులోనే ‘చారిత్రక రేవు పట్టణాలు’ అని ఉంది. ఓడలో నాకు ఏ కష్టమూ కలగలేదు. పడక మెత్తన, నీళ్లు వెచ్చన, పొద్దున్నే ఇడ్లీ కూడా పెట్టారు (సాంబారు సంగతి అడక్కండి). నా పేచీ అంతా ఆ ‘చారిత్రక రేవు పట్టణాలు’ అన్న మాటతోనే.

రేవు అంటే ఓడ ఆగే చోటు అంటాం. అది సగం మాట. ఓడ దిగినవాళ్లలో కొందరు మళ్లీ ఎక్కకుండా ఉండిపోతేనే రేవు పట్టణం అవుతుంది. కోరమాండల్ తీరం నుంచి అద్దకం బట్టల మూటలతో, మలేసియాలోనే ఉన్న మలక్కాకు వెళ్లిన వర్తకులు మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనుక్కుని, ఋతుపవనాల గాలి తిరిగేదాకా నెలల తరబడి అక్కడే కాచుకునేవారు. ఖాళీగా కూర్చునే జాతి కాదు కదా. ఆ నెలల్లోనే అప్పులిచ్చారు, గుళ్లు కట్టుకున్నారు, అక్కడి ఆడపిల్లలను పెళ్లాడారు. మలక్కాలో చిట్టీలనే చిన్న సమాజం ఈనాటికీ ఉంది. పేర్లూ దేవుళ్లూ మనవే, ఇంట్లో మాట్లాడేది మలయ్ భాష. గాలి కోసం ఆగినవాళ్ల మునిమనవలు వాళ్లు.

విహార ఓడది దీనికి పూర్తిగా విరుద్ధమైన ఏర్పాటు. దిగినవాళ్లందరూ తప్పనిసరిగా తిరిగి ఎక్కాలన్న షరతు మీదే అది రేవుకు వస్తుంది. రేవు పట్టణాన్ని చూపిస్తానంటూ, రేవును రేవుగా మార్చిన ఆ ఒక్క పనినీ నిషేధిస్తుంది. ఆరు గంటల్లో గోడలు చూడవచ్చు, ఉండిపోయినవాళ్లను చూడడం కష్టం.

మాకు ఆ ఆరు గంటలూ కూడా మిగల్లేదు. ఓడలోనే డబ్బు కట్టి కొనుక్కున్న బస్సు యాత్రలో పాత పట్నం నడక ఉందన్నారు. బస్సు నేరుగా ఊరవతల కొండ మీది గుడికి తీసుకెళ్లింది, అక్కడి నుంచి ఒక చాక్లెట్ దుకాణానికి, అక్కడ నలభై నిమిషాలు. ట్రాఫిక్ వల్ల నడక రద్దయిందని గైడు నవ్వుతూ చెప్పింది. రేవు దగ్గర దింపేసరికి ఆరు కావస్తోంది. పిన్ని, నా భార్య ఓడెక్కేశారు. నేను, బాబాయి నడిచాం.

పినాంగ్‌లో అదృష్టం ఏమిటంటే ఓడ ఆగే చోటికీ పాత పట్నానికీ మధ్య నడక దూరమే. పావుగంటలో మసీదు గుమ్మటం కనిపించింది. పేరు పలక మీద ‘కపితాన్ కెలింగ్’ అని ఉంది. 1801 నాటి మసీదు. కపితాన్ అంటే ఒక సమాజానికి పెద్ద. కెలింగ్ అంటే మన తీరం నుంచి వెళ్లినవాళ్లు. కళింగ అన్న మాటే అక్కడి నోళ్లలో కెలింగ్ అయిందని చరిత్రకారులు చెబుతారు. తరువాత్తరువాత తమిళ ముస్లిం వర్తకులకూ, మొత్తం దక్షిణాది వారికీ అదే పేరు అంటుకుంది. బాబాయిది శ్రీకాకుళం జిల్లా. నేను ఇదంతా చెబుతుంటే పేరు పలక ముందు నిలబడిపోయి, "అయితే ఇది మన పేరేరా" అన్నాడు. నేటి మలయ్ భాషలో అది తిట్టు మాట అయిందని చెప్పడానికి నాకు మనసు రాలేదు. బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీ’ అనేవారు. అది గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు. 1839 తుపాను ఆ రేవును ఊడ్చిపెట్టింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం అవతల బతికింది.

ఎనిమిదిన్నరకల్లా రమ్మనడానికి కారణం ఏమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మర్యాద విషయం కాదు, వ్యాపార విషయం. టికెట్ ధర చూసి మనం మురిసిపోతాం గానీ ఓడ బతికేది టికెట్ మీదే కాదు. మద్యం, క్యాసినో, దుకాణాలు, ఇంటర్నెట్, ఫొటోలు, ఆ బస్సు యాత్రలు, వీటన్నిటి మీదా. ఓడ రేవులో ఉన్నంతసేపూ క్యాసినో, సుంకం లేని దుకాణాలు మూసి ఉంటాయి. తీరానికి దూరంగా, ఏ ప్రభుత్వ జలాలూ కాని చోటికి వెళ్లాకే తలుపులు తెరుస్తారు. రాత్రి రేవులో గడిపితే రేవు రుసుములు పెరుగుతాయి, పేకాట బల్లలు ఖాళీగా ఉంటాయి. రేవు పట్టణాలేమో చీకటి పడ్డాకే అసలు మేలుకుంటాయి. సరిగ్గా అప్పుడే మన ఓడ కూత వేస్తుంది.

ఈ లెక్క మన తీరంలోనూ బయటపడింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఓడ చెన్నై నుంచి విహారయాత్రలు మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపారు. విశాఖ వెళ్లి పుదుచ్చేరి మీదుగా తిరిగి రావాలి. ఓడలో క్యాసినో ఉందన్న గొడవతో పుదుచ్చేరి రానివ్వలేదు. ఆ మరుసటి ఏడాది అదే ఓడ చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లింది: హంబన్‌తోట, ట్రింకోమలి, కాంకేసన్‌తురై. చరిత్ర కావాలనుకునేవాడు శ్రీలంకలో మొదట అడిగేది గాలే అనే పాత రేవులోని కోట. ఓడ ఆగింది 2010లో తెరిచిన హంబన్‌తోట రేవులో.

ఇందులో ఓడవాళ్ల తప్పు లేదు. పాత రేవుకూ పెద్ద ఓడకూ పొసగదు. ఒక రేవు ‘చారిత్రకం’ అయిందంటేనే ఓడలు దాన్ని వదిలేసి చాలాకాలమైందని అర్థం. ఇసుక మేట వేసి ఉంటుంది, లోతు తగ్గి ఉంటుంది, లేదా ఓడలే పెరిగిపోయి ఉంటాయి. రోమ్ చూపిస్తామన్న ఓడ చివితవెక్కియాలో ఆగుతుంది, బ్యాంకాక్ అన్న ఓడ లేమ్ చబాంగ్‌లో. అక్కడి నుంచి గంటా రెండు గంటల బస్సు. వెనిస్‌లో ఓడలు ఊరి నడుమకే వచ్చేవి, గుమ్మటాల కంటే ఎత్తుగా. 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటినవాటిని ఊరి నడుమ కాలువలోకి రానివ్వడం లేదు.

మన తీరం సంగతే చూడండి. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు దిగింది 1611లో. పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టుకున్నది 1613లో. మద్రాసు అనే ఊరు అప్పటికి లేదు. గోల్కొండ సరుకంతా బందరు మీదుగానే ప్రపంచానికి వెళ్లేది. 1864 నవంబరు ఉప్పెన బందరును ముంచింది, ముప్పై వేల దాకా ప్రాణాలు పోయాయంటారు. ఓడలు బండ్లు కావడమంటే అదే. ఈ రేవుల్లో ఏ ఒక్కదాని దగ్గరా పదకొండు అంతస్తుల ఓడ ఆగడానికి వీల్లేదు. విశాఖలో మాత్రం ఆగగలదు, 2023 సెప్టెంబరులో దానికోసం టెర్మినల్ కూడా తెరిచారు. విశాఖలో దిగిన యాత్రికుడికి భీమిలి డచ్చి సమాధులు చూపించే తీరిక ఎవరికైనా ఉంటుందా అన్నది నా అనుమానం.

అసలు మద్రాసు రేవే ఒక మొండితనం. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషువాళ్లు పట్టా పుచ్చుకున్నప్పుడు ఇక్కడ ఉన్నది ఇసుక, అలలు. దుబాసీగా మాట కలిపినది బేరి తిమ్మప్ప. ఆ నాయకుడి తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులూ సరుకులూ మసూలా పడవల్లో ఒడ్డుకు వచ్చేవి. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు అవి. అల కొడితే విరగవు, వంగుతాయి. రెండున్నర శతాబ్దాలు ఈ మహానగరం వ్యాపారం ఆ కుట్టు పడవల మీదే నడిచింది. గోడలతో కట్టుకొస్తున్న హార్బరును 1881 తుపాను కూల్చేసింది, మళ్లీ కట్టారు. ఆ గోడలు ఉత్తరానికి కదిలే ఇసుకను అడ్డగించాయి. దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్లను కొరకడం మొదలుపెట్టింది. మెరీనాలో సెనగలు తింటూ కూర్చునే మనం నిజానికి హార్బరు వేసిన మేట మీద కూర్చున్నాం.

చెన్నైకి విదేశీ విహార ఓడ వస్తే ఏం జరుగుతుందో తెలుసా? బస్సులు గేటు దాటి చాలావరకు మామల్లపురం బాట పడతాయి, యాభై కిలోమీటర్ల పైన. మామల్లపురం చూడదగ్గదే, నేను కాదనను. కానీ గేటుకు ఎదురుగా ఉన్న రేవు పట్టణం అలాగే ఉండిపోతుంది. దాని పేరు జార్జ్‌టౌన్. పినాంగ్‌లో మేము దిగిన ఊరి పేరూ జార్జ్‌టౌనే. దానికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన జార్జ్‌టౌన్‌కు మన్నడిలో మెట్రో స్టేషన్ ఉంది, పావుగంటకో పావు కిలోమీటరు కదిలే తోపుడు బళ్లు ఉన్నాయి. పగడాల వర్తకుల వీధి ఉంది, ఆర్మేనియన్ల చర్చి ఉంది, కొత్వాల్ చావడి దగ్గర మన కోమట్ల కన్యకాపరమేశ్వరి గుడి ఉంది. పట్నం గుడి అనిపించుకున్న చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు ఉన్నాయి. అవి మొదట నేటి హైకోర్టు ఉన్న చోట ఉండేవి, 1757లో ఇంగ్లీషువాళ్లు కూలగొట్టి ఇక్కడ స్థలమిచ్చారు. చెన్నైలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లను అడిగి చూశాను. పెళ్లి పత్రికలు అచ్చు వేయించడానికి తప్ప ఆ వీధుల్లోకి వెళ్లినవాళ్లు తక్కువ. రేవును చూసినవాళ్లు అంతకంటే తక్కువ. రాజాజీ సాలై పొడవునా గోడే కనిపిస్తుంది కదా.

పినాంగ్‌కు సింగపూర్ మీదుగా వెళ్లామని చెప్పాను. ఒకప్పుడు ఆ చుట్టు తిరుగుడు అక్కర్లేదు. 1926లో కట్టిన రజులా అనే ఓడ దశాబ్దాల తరబడి మద్రాసు నుంచి నాగపట్నం, పినాంగ్ మీదుగా సింగపూర్‌కు తిరిగింది. తరువాత చిదంబరం అనే ఓడ వచ్చింది, 1985లో దానిలో అగ్నిప్రమాదం జరగడంతో ఆ సర్వీసే ముగిసింది. ఎక్కువమంది డెక్ టికెట్ మీద, తమ పరుపు తాము చుట్టుకుని వెళ్లినవాళ్లే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పటికీ చెన్నై రేవు నుంచి మూడు రోజుల ఓడ ఉంది. అందులో శ్రీకాకుళం మాట వినిపిస్తుంది, కోడిగుడ్డు కూర వాసన వస్తుంది, విలాసం మాత్రం మచ్చుకు కూడా కనిపించదు. రేవు పట్టణం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే నేను ఆ ఓడకే ఓటు వేస్తాను. విహార ఓడలు మానేయాలని కాదు. రేవుకొక రాత్రి ఆగే యాత్రలు, చిన్న ఓడలు కూడా దొరుకుతున్నాయి, డబ్బెక్కువ. టికెట్ కొనేముందు ఓడలో ఎన్ని రెస్టారెంట్లు ఉన్నాయని అడిగేవాళ్లు, రేవులో ఎన్ని గంటలు ఆగుతుందో, రేవు నుంచి పాత ఊరికి ఎంత దూరమో కూడా అడిగితే బాగుంటుంది.

తిరిగొచ్చిన పది రోజులకు బాబాయిని బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారుకు తీసుకెళ్లాను. బర్మా నుంచి తరిమేస్తే ఓడల్లో వచ్చిన కాందిశీకుల కోసం 1969లో ఏర్పాటైన బజారు అది. రంగూన్ రేవులో బరువులెత్తింది చాలావరకు తెలుగువాళ్లే. 1930 మే నెలలో అక్కడి అల్లర్లు మొదలైంది కూడా వాళ్ల సమ్మెతోనే. బజారు పక్కన సాయంత్రాలు అత్తో బళ్లు వెలుస్తాయి. పసుపు రంగు నూడుల్స్, సన్నగా తరిగిన కోసుగడ్డ, ఉల్లిపాయ, చింతపండు రసం, వేయించిన వెల్లుల్లి, కారం, పైన నలిపిన కరకర అప్పడం లాంటిది. అన్నీ గిన్నెలో వేసి చేత్తోనే కలుపుతారు. పక్కన అరటి దూట సూపు ఉచితం.

బండి దగ్గర కుర్రాడు మాతో తమిళంలో మాట్లాడుతున్నాడు. మా ఇద్దరి మాటలు విని ఆగి, తెలుగులోకి మారాడు. వాళ్ల మామ్మది టెక్కలి వైపట, ఊరి పేరు తెలియదట. రంగూన్‌లో పుట్టి, 1964లో ఓడలో ఇక్కడ దిగిందట.

"ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు మరి?" అడిగాడు బాబాయి.

కుర్రాడు గరిటెతో రోడ్డవతలి గోడను చూపించాడు. "అదిగో ఆ గేట్లోంచి బయటికి వచ్చింది. తరువాత ఎక్కడికీ వెళ్లలేదు" అని, బాబాయి గిన్నెలో ఇంకో గరిటెడు సూపు పోశాడు.