నల్గొండ ఫోటో పెట్టి టూత్‌పేస్టు మీద భయం పెంచకండి

వాట్సాప్‌లో చాలాకాలంగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పైన కాళ్ళు వంకర్లు పోయి, నడుం లేవలేని నల్గొండ మనిషి ఫోటో. ఆయన్ని ఇలా చేసిన ఫ్లోరైడ్ అనే విషమే మీ టూత్‌పేస్టులో ఉందని కింద రాసి ఉంటుంది. యూరప్ ఫ్లోరైడ్‌ని నిషేధించిందని, అమెరికాలో డబ్బా మీదే హెచ్చరిక వేస్తారని, పిల్లల తెలివితేటలు తగ్గుతాయని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుందని చెబుతుంది. మన పెద్దల్లా బొగ్గు, ఉప్పు, వేపపుల్లతో తోముకుని, నూనె పుక్కిలిస్తే పిప్పి పళ్ళు కూడా మానిపోతాయన్న సలహాతో ముగుస్తుంది.

నేను నల్గొండ జిల్లాలో పళ్ళ డాక్టర్ని. ఆ ఫోటోలోని బాధ నిజం. అందుకే దాన్ని ఇలా వాడుతుంటే కోపం వస్తుంది.

ముందు ఆ ఫోటో సంగతి. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతం నుంచి. అంతకు ముందే రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. ఎద్దుకీ రైతుకీ ఉమ్మడిగా ఉన్నది బావి నీళ్ళే. రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది, లోతుకు బోరు వేసినకొద్దీ చాలాచోట్ల ఎక్కువవుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల నడుములు వంచింది ఏళ్ళ తరబడి తాగిన ఆ నీళ్ళే.

ఇప్పుడు లెక్క చూద్దాం. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు, ఎండలో కూలి పని చేసే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగాడనుకుందాం. 20 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్ళాయి. అన్నం, పప్పు, చాయ్ అదే నీళ్ళతో. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు.

పేస్టులో మన చట్టం 1000 పీపీఎం దాటనివ్వదు. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము, అందులో ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము. దాన్ని ఉమ్మేస్తాం. రెండు పూటలా మొత్తం మింగేశారనుకున్నా అర మిల్లీగ్రామే. ప్రమాణానికి లోబడిన మంచి నీళ్ళు రెండు లీటర్లు తాగినా అంతకంటే ఎక్కువే లోపలికి వెళ్ళొచ్చు. మూడేళ్ళలోపు పిల్లలకు పెట్టాల్సింది బియ్యం గింజంత. మింగినా 0.1 మిల్లీగ్రాము దగ్గరే ఆగుతుంది.

ఈ రెండింటినీ ఒకే ఫోటో కింద పెట్టడం అన్యాయం. అసలు నేరం నీళ్ళది. పేస్టు మానేసి అదే బోరు నీళ్ళు తాగుతూ, ఇక భయం లేదనుకునే ఇళ్ళు నాకు తెలుసు. ఫ్లోరైడ్ పోతుందని ఆ నీళ్ళని కాచి తాగేవాళ్ళూ ఉన్నారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. తీయాలంటే పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి, ఆర్‌ఓ లాంటివి కావాలి, లేదా కృష్ణా నీళ్ళలా బయటి నుంచి మంచినీళ్ళు తేవాలి.

యూరప్ నిషేధించిందన్న మాట ఒకదాన్ని ఇంకోటిగా చూపించడం. అక్కడ చాలా దేశాలు కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపవు. నెదర్లాండ్స్ 1970ల్లో ఆపింది, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం 2003లో ఆపింది. పేస్టు విషయానికొస్తే యూరోపియన్ యూనియన్ 1500 పీపీఎం వరకు అనుమతిస్తుంది, మన పరిమితికి ఒకటిన్నర రెట్లు. నీళ్ళలో కలపని ఆ దేశాల్లో పేస్టు రూపంలోనే రోజూ వాడుతున్నారు. ఇక మన దేశంలో నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపే పథకమే లేదు. తీసేయడానికే మన అవస్థంతా.

అమెరికా హెచ్చరిక నిజమే. 1997 నుంచి అక్కడి పేస్టు డబ్బాల మీద, ఆరేళ్ళలోపు పిల్లలకు అందకుండా ఉంచండి, తోముకోవడానికి వాడే దానికంటే ఎక్కువ మింగితే సాయం అడగండి అని రాస్తారు. ఇది నాకు నచ్చిన హెచ్చరిక. వంద గ్రాముల ట్యూబులో సుమారు 100 మిల్లీగ్రాములుంటుంది. పది కిలోల పిల్లాడు సగం ట్యూబు తినేస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. స్ట్రాబెర్రీ రుచి పేస్టుని పిల్లలు చాక్లెట్‌లా నాకుతారు, కాబట్టి ట్యూబు పై అరలో పెట్టండి. అన్నట్టు, టీవీ ప్రకటనల్లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పేస్టు పరిచి చూపించడం పెద్ద తప్పు. ఆ అలవాటు పిల్లలకు అస్సలు నేర్పొద్దు.

తెలివితేటల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్ళు తాగే చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా కనిపించిందని, ఈ సంబంధం మీద తమకు ఓ మోస్తరు నమ్మకం ఉందని చెప్పింది. అమెరికాలో నీళ్ళలో కలిపే లీటరుకు 0.7 మిల్లీగ్రాముల మోతాదు మీద ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా అదే నివేదిక చెప్పింది. ఫార్వర్డ్‌లో ఈ రెండో వాక్యం ఉండదు. 2025లో యూటా, ఆ తర్వాత ఫ్లోరిడా రాష్ట్రాలు ఆపింది నీళ్ళలో కలపడాన్ని. ఆ ఏడాదే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చర్య తీసుకున్నది పిల్లలు మింగే ఫ్లోరైడ్ చుక్కలు, మాత్రల మీద. పేస్టుతో తోముకుని ఉమ్మేయడాన్ని ఎవరూ ఆపలేదు. ఆ నివేదిక మనల్ని భయపెట్టాల్సింది ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతున్న ఊళ్ళ గురించి, ఆ మాటే ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక పెద్దల కాలం. ఊళ్ళో బోసినోటి అవ్వలు, తాతలు ఎంతమంది ఉండేవారో గుర్తు చేసుకోండి. పళ్ళు నిలిచినవాళ్ళకు నిలిచాయంటే ప్రధాన కారణం తిండి. పండక్కి బెల్లం తప్ప రోజూ బిస్కెట్లు, కూల్‌డ్రింకులు లేవు. వేపపుల్ల నమిలి శ్రద్ధగా తోముకుంటే పాచి పోతుంది, దాన్ని నేను కాదనను. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు మాత్రం పన్నుని అరగదీస్తాయి. చిగురు పక్కన గాడి పడి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందని వచ్చేవాళ్ళలో ఇలాంటి పొడుల అలవాటున్నవాళ్ళు ఎక్కువే. అరిగిన ఎనామిల్ మళ్ళీ మొలవదు.

ఈ మధ్య ఒకమ్మ నాలుగేళ్ళ పాపని తెచ్చింది. పై ముందు పళ్ళు నాలుగూ చిగురు దాకా గోధుమరంగు మొండాలు. రాత్రిపూట పంచదార పాల సీసా నోట్లోనే ఉంచుకుని నిద్ర. ఏ పేస్టు వాడుతున్నారమ్మా అని అడిగితే, "విషమని వచ్చింది కద సార్, భయమై బంద్ పెట్టిన" అంది. ఏడాదిగా బొగ్గు పొడి, ఉప్పు. ఆ ఇంట్లో తాగేది కృష్ణా నీళ్ళు, ఫ్లోరైడ్ భయమే లేదు. అద్దం పెట్టి చూస్తే ఒక పంటి పైన చిగురు మీద చీము పొక్కు. నొక్కగానే పాప తల్లి చీర కొంగు పట్టుకుని ఏడ్చింది. ముందు పళ్ళని కాపాడలేకపోయాను. వెనక దవడ పళ్ళలో అప్పుడే మొదలైన పుచ్చు మీద సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ రాశాను.

ఈ మందు గురించి చెప్పి తీరాలి. డ్రిల్లు లేదు, సూది లేదు. పంటిని ఆరబెట్టి చిన్న బ్రష్‌తో ఒక చుక్క రాస్తే, నిమిషం పని. పుచ్చు అక్కడితో ఆగే అవకాశం బాగా ఎక్కువ. పుచ్చు ఉన్నచోట పన్ను నల్లబడుతుంది, అది ముందే తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించాలి. కుర్చీ చూస్తేనే వణికే పిల్లలకు ఇది వరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని, ఫ్లోరైడ్ టూత్‌పేస్టుని కూడా అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆ మెసేజ్ విషం అంటున్న వస్తువే అది.

పేస్టు పనిచేస్తుందా అంటే, 2003లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 70 పరిశోధనలను, 42,300 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. ఫ్లోరైడ్ పేస్టు వాడినవాళ్ళలో పుచ్చు సగటున 24 శాతం తగ్గింది. తిన్న తీపిని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లానికి పన్నులోని ఖనిజం కరుగుతుంది. లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే కరిగిన ఖనిజం తిరిగి చేరుతుంది, ఇంకాస్త గట్టిగా. అందుకే తోముకున్నాక ఉమ్మేయండి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించి మొత్తం కడిగేయొద్దు.

నూనె పుక్కిలిస్తే నోరు హాయిగా ఉంటుందేమో గాని, గుంటపడిన పన్ను మానదు.

ఫ్లోరైడ్ అసలు వద్దనుకునేవాళ్ళకు పన్నులో ఉండే ఖనిజం లాంటి దానితో చేసే హైడ్రాక్సీఅపటైట్ పేస్టులున్నాయి. జపాన్‌లో 1980ల నుంచి వాడుతున్నారు. కొన్ని పరీక్షల్లో ఫలితాలు బాగున్నాయి, కానీ ఫ్లోరైడ్‌కి ఉన్నన్ని ఏళ్ళ ఆధారం దీనికి లేదు, ధర కూడా ఎక్కువ. బొగ్గు పొడి కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

ఒక్కచోట మాత్రం ఫ్లోరైడ్ పేస్టు విషయంలో నేనూ ఆగి ఆలోచిస్తాను. ఇంట్లో ఇప్పటికీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే తాగుతూ, ఆరేడేళ్ళలోపు పిల్లలుంటే. ఆ వయసులో శాశ్వత పళ్ళ ఎనామిల్ లోపల తయారవుతూ ఉంటుంది, ఫ్లోరైడ్ ఎక్కువై మరకలు పడే గారపళ్ళు వచ్చేది అప్పుడే. అలాంటివాళ్ళు నీళ్ళు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు తాగే నీళ్ళు, వండే నీళ్ళు మార్చండి. పిల్లలకు ఏ పేస్టు, ఎంత అన్నది ఆ రిపోర్టు పట్టుకొస్తే మీ ఊరికి దగ్గర్లోని పళ్ళ డాక్టరు చెబుతారు.