చిట్టికి పిల్లలు పెట్టించాలా వద్దా: ఒక బాబాయి, ఒక అమ్మాయి

కైకలూరు వైపు చేపల చెరువులున్న బాబాయి ఒకాయన. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్న వాళ్ళన్నయ్య కూతురు ఒకమ్మాయి. బాబాయి దగ్గర ఏడాది దాటిన ఆడ జోనంగి ఉంది, పేరు చిట్టి. ఈసారి ఎదకొస్తే క్రాసింగ్ చేయిస్తానని ఆయన, వద్దని ఈమె. జోనంగి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: మన కోస్తా జిల్లాల నాటు కుక్క, పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, అన్ని కుక్కల్లా మొరగకుండా రాగం తీస్తుంది, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. ఒకప్పుడు కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసింది ఇదే.

బాబాయి: చూడమ్మా, నువ్వు డాక్టరువి కాబోతున్నావు, కాదనను, కానీ ఈ ఒక్క విషయంలో నా మాట విను. నా చిన్నప్పుడు కోతలైపోయిన చేలల్లో బాతుల మంద వెళ్తుంటే వెనకాల రెండు జోనంగులు ఉండేవి, మనిషి గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటే మందంతా అవే చూసుకునేవి. ఆ చేలన్నీ చెరువులయ్యాయి, బాతులు పోయాయి. పని లేని కుక్కని ఎవడు పెంచుతాడు? ఇప్పుడు మన ఊళ్ళో ఇదిగో జోనంగి అని చూపించడానికి చిట్టి ఒక్కటే మిగిలింది. దానికీ ఆపరేషన్ చేయించేస్తే ఇంక జాతి ఎక్కడుంటుంది?

అమ్మాయి: ఆపరేషన్ అని నేనింకా అనలేదు బాబాయ్, ఇప్పుడొద్దు అన్నాను. సరే, జాతి కోసమే అంటున్నావుగా, మగదాన్ని ఎక్కడ చూశావు?

బాబాయి: వెతకడం దేనికి? దీని తోడబుట్టిందే పక్క ఊళ్ళో ఉంది. మంచి ఒడ్డూ పొడుగూ.

అమ్మాయి: తోడబుట్టినదానితోనా!

బాబాయి: ఏం, మనుషుల్లో మేనరికాలు లేవా? మీ అమ్మానాన్నలది మేనరికమే. నువ్వు బాగానే పుట్టావుగా.

(ఇక్కడ అమ్మాయికి కాసేపు మాట రాలేదు. వింటున్న నాకూ రాలేదు.)

అమ్మాయి: మేనబావని చేసుకుంటే, తాతదో అమ్మమ్మదో ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకి వచ్చే అవకాశం పదహారో వంతు. తోడబుట్టినవాటికి జత కడితే నాలుగో వంతు. అదీ తేడా. దాగి ఉన్న జబ్బులు బయటపడే అవకాశం పెరుగుతుంది, పిల్లల సంఖ్య తగ్గుతుంది, పుట్టినవాటిలో కళ్ళు తెరవకముందే పోయేవి పెరుగుతాయి. అసలే కొద్దిగా మిగిలిన జాతి అంటున్నావు, మళ్ళీ ఒకే ఇంట్లో కలిపేస్తే అది నిలబెట్టడమెలా అవుతుంది?

బాబాయి: అంటే ఇప్పుడు నేను మగకుక్క కోసం శ్రీకాకుళం పోవాలా?

అమ్మాయి: పోవాలి. పోయినా సరిపోదు. ఎద సుమారు మూడు వారాలుంటుంది, అన్నాళ్ళూ చిట్టిని గదిలో పెట్టి తాళం వేయగలవా? నువ్వు శ్రీకాకుళం మగదాన్ని తెచ్చి కలిపిన మర్నాడు వీధికుక్క గోడ దూకిందనుకో, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. నువ్వేమో అన్నిటినీ అసలు జోనంగులనే పంచుతావు.

బాబాయి: తాళం నేను వేస్తాలే, అది నీకెందుకు. ఇంకో మాట, ఆడకుక్క ఒక్కసారైనా పిల్లల్ని పెడితేనే దాని ఒంటికి మంచిదని అందరూ అంటారు. లేకపోతే గర్భసంచి పాడవుతుందట.

అమ్మాయి: అందరూ అంటారు, మా క్లినిక్కుకి వచ్చేవాళ్ళలో సగం మంది అదే అంటారు. ఒక ఈత ఈనితే ఇక జబ్బు రాదని భరోసా ఏమీ లేదు బాబాయ్. గర్భసంచిలో చీము పట్టడం అనే జబ్బు ఆపరేషన్ చేయించని ఏ ఆడకుక్కకైనా రావచ్చు, పిల్లలు పెట్టినదానికీ రావచ్చు. వయసు కూడా చూడు. 2017లో కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం 18 నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు, ఏడాదికి ఒక ఈత మించకూడదు, జీవితం మొత్తం మీద ఐదు మించకూడదు, పిల్లల్ని 8 వారాల లోపు అమ్మకూడదు. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి.

బాబాయి: ఆ రూల్స్ వ్యాపారం చేసేవాళ్ళకి. నేను ఐదో పదో తీసుకుని తెలిసినవాళ్ళకి ఇస్తాను.

అమ్మాయి: ఐదో పదో వేలేగా?

బాబాయి: ...మేపిన ఖర్చు ఉండదా మరి?

అమ్మాయి: ఉంటుంది, నీకు తెలిసినదాని కంటే ఎక్కువే ఉంటుంది. 63 రోజులు అటూ ఇటూగా మోస్తుంది. అప్పుడు ఏం పెడతావు?

బాబాయి: పాలు, గుడ్లు, నెయ్యి అన్నం. పాలు బాగా పడాలని కాల్షియం బిళ్ళలు.

అమ్మాయి: అదిగో, ఆ బిళ్ళలే వద్దనేది. కడుపుతో ఉన్నప్పుడు బయట నుంచి కాల్షియం పోస్తే, ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది. ఈనాక పిల్లలు గట్టిగా తాగే రోజుల్లో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా తగ్గిపోయి తల్లి వణుకుతూ పడిపోవచ్చు, చూసేవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు. అప్పుడు వెంటనే నరానికి మందు ఎక్కించాలి. అర్ధరాత్రి కైకలూరులో ఎవరున్నారు?

బాబాయి: నీకు భయపెట్టడమే నేర్పుతున్నారా ఆ కాలేజీలో? మా అమ్మ ఇంట్లో ఎన్ని కుక్కలు ఈనలేదు? గడ్డివాము కింద గొయ్యి తవ్వుకునేది, పిల్లల్ని పెట్టేది, మూడో వారం నుంచి మనం చూసేవాళ్ళం. దానికి ఎవడూ డాక్టరు చదువు చెప్పలేదు.

అమ్మాయి: గొయ్యి సంగతి ఒప్పుకుంటా. జోనంగికి అది పుట్టుకతో వచ్చిన తెలివి, నేను పెట్టె చేయించి పెట్టినా అది గొయ్యికే పోతుంది, మొదటి రెండు వారాలు పిల్లలు సొంతంగా వేడి పుట్టించుకోలేవు కాబట్టి మూసుకున్న గొయ్యే వాటికి మంచిది, వాన నీళ్ళు దిగకపోతే. కానీ మీ అమ్మ ఇంట్లో ఎన్ని పుట్టాయో చెప్తున్నావు, ఎన్ని బతికాయో చెప్పట్లేదు.

బాబాయి: ఎవడు లెక్కపెట్టాడు?

అమ్మాయి: అదే నేననేది. రోజూ ఒక్కో పిల్లనీ తూయాలి, పది రోజులకల్లా పుట్టిన బరువుకి రెట్టింపు కావాలి, ఒకటి రెండు రోజులు బరువు పెరగనిదాన్ని వెంటనే పట్టుకోవాలి. చల్లబడిపోయిన పిల్లకి జాలిపడి పాలు పడతారు, ముందు పిల్లని వెచ్చబెట్టకుండా పాలు పడితే అరగవు, అలా పోతాయి. రెండో వారంలో నులిపురుగుల మందు, అక్కడి నుంచి రెండు వారాలకోసారి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, దాంతో ఆగదు, నాలుగు నెలల దాకా మళ్ళీ మళ్ళీ వేయాలి. పార్వో అనే వైరస్ తగిలితే వాంతులు, రక్త విరేచనాలు, ఈత మొత్తం ఊడ్చుకుపోతుంది. నువ్వేమో 40 రోజులకే పంచేద్దామనుకుంటున్నావు.

బాబాయి: 40 రోజులకి అన్నం తింటాయి కదా.

అమ్మాయి: అన్నం తింటాయి. కానీ ఎంత గట్టిగా కరిస్తే అవతలివాడికి నొప్పో తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకునే వయసది. అప్పుడే లాగేస్తే ఆ కాటు కొన్నవాడి ఇంట్లో పిల్లల మీద పడుతుంది.

బాబాయి: సరే, 8 వారాలే ఉంచుతా. డబ్బులు నావి, ఓపిక నాది. ఇంకేం అభ్యంతరం? ఇప్పటికే నలుగురు అడిగారు, ఒకాయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఎంతైనా ఇస్తానన్నాడు.

అమ్మాయి: ఆ నలుగురూ ఏది అడిగారు?

బాబాయి: ఏదంటే?

అమ్మాయి: మగదా, ఆడదా?

బాబాయి: మగదే అడుగుతారమ్మా ఎవరైనా. ఆడదైతే మళ్ళీ ఎద, మళ్ళీ పిల్లలు, గొడవ.

అమ్మాయి: ఐదు పుట్టి మూడు ఆడవైతే ఆ మూడూ ఎక్కడికెళ్తాయి? మార్కెట్ యార్డు వెనకా, కాలవ గట్టు మీదా సంచిలో దొరికే పిల్లల్ని మా క్లినిక్కుకి తెస్తుంటారు, దాదాపు అన్నీ ఆడవే. బతికినవి అక్కడే ఎదకొస్తాయి. జాతి నిలబడాలంటే ఆడవే కావాలి కదా బాబాయ్, మగదాన్ని ఒక్కదాన్ని సోఫా మీద కూర్చోబెట్టుకుంటే ఏం నిలబడుతుంది? పైగా అపార్ట్‌మెంట్‌లో జోనంగి ఏం తవ్వుకుంటుంది, బాల్కనీనా?

(ఇంతసేపూ బాబాయి దగ్గర జవాబు లేని ప్రశ్న ఇదొక్కటే అని నాకనిపించింది. పార్వో, కాల్షియం అన్నీ డబ్బుతో అయ్యేవి.)

బాబాయి: మిగిలినవాటిని నేనే ఉంచుకుంటా.

అమ్మాయి: ఏడాది తిరిగేసరికి నీ చెరువు గట్టు మీద నాలుగు ఆడకుక్కలు ఎదకొస్తాయి. నాలుగింటికీ గదీ తాళం ఉన్నాయా?

బాబాయి: నువ్వు ఏం చెప్పినా చివరికి వద్దనే చెప్తావు.

అమ్మాయి: లేదు. 18 నెలలు నిండనీ. రక్తసంబంధం లేని మగదాన్ని చూద్దాం, శ్రీకాకుళం కారు కిరాయి సగం నేనిస్తా. దానికి ముందు, ఆడపిల్లని తీసుకుంటామనేవాళ్ళు ఇద్దరు దొరకాలి. ఇప్పుడే చెయ్ ఫోన్, ఆ నలుగురికీ.

బాబాయి: ఇప్పుడా? ...హలో, ఏం బాబూ, భోజనమైందా? ఏం లేదు, మన చిట్టి పిల్లల సంగతి... ఆడదైతే తీసుకుంటావా? ఆఁ. ఆఁ. సర్లే.

అమ్మాయి: ఏమన్నాడు?

బాబాయి: మగదైతేనే చెప్పమన్నాడు.

అమ్మాయి: రెండో ఆయనకి చెయ్.