రెండో గేరు యాడుండాది?

(నెల్లూరు, మూలాపేట. ఆదివారం పొద్దున. వసారా ముందు 1965 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. ముందు సీట్లు రెండూ ఊడొచ్చి తులసికోట పక్కన ఎదురెదురుగా కూర్చున్నాయి. సుబ్బరామయ్య నడుము దాకా కారులో, మిగతాది వీధిలో. రత్నమ్మ కాఫీ గ్లాసుతో వస్తుంది. ఆయనకి మేనమామ కూతురు, పెళ్ళాం కూడా. కారు ఆమె నాయనది. ఆయన అల్లుడికి కారు ఇచ్చి, పానాల పెట్టె మాత్రం కూతురికి ఇచ్చి పోయాడు. మనిషిని చూసే ఇచ్చాడని నా అనుమానం.)

రత్నమ్మ: బావా, కాఫీ. తలకాయ యాడుందో చెప్తే అక్కడికే తెస్తా.

సుబ్బరామయ్య: (లోపల్నించి) ఆడ పెట్టు. గేర్‌బాక్స్ దించబోతుండా.

రత్నమ్మ: దించి?

సుబ్బరామయ్య: మద్రాసు తీసకపోతా. పినాకినిలో.

రత్నమ్మ: గేర్‌బాక్స్‌నా? దానికీ రిజర్వేషన్ చేయించినావా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటావా?

సుబ్బరామయ్య: ఎగతాళి చాలు. పాత కారు సామాన్లు అమ్మే పుదుపేటలో ఇంకోటి దొరక్కపోదు. లోపల పళ్ళు పోయినయ్ రత్నా. నిన్న నువ్వే చూసినావు గదా.

రత్నమ్మ: చూసినా. ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి కింద రెండో గేరనుకోని నాలుగోది వేసినావు. బండి గక్కున ఆగిపోయింది. ఎనక లారీవాడు మీ నాయన్నీ మా నాయన్నీ పేరు పేరునా పలకరించినాడు.

సుబ్బరామయ్య: స్పోర్ట్స్ కారన్నాక అట్టాంటివి ఉంటాయి.

రత్నమ్మ: ఏ కారు?

సుబ్బరామయ్య: స్పోర్ట్స్ కారు.

రత్నమ్మ: బావా, ఇది హెరాల్డు. మా అమ్మ, మేం ముగ్గురం పిల్లకాయలం, పులిహోర డబ్బా, అందరం ఎక్కి తిరునాళ్ళకి పోయిన బండి.

సుబ్బరామయ్య: (బయటికొచ్చి, నుదుటి మీద మసితో) స్పిట్‌ఫైర్ పేరు ఎప్పుడన్నా ఇన్నావా? ట్రయంఫ్ వాళ్ళది. 1962లో వచ్చింది. రెండే సీట్లు, పైన టాపు మడిచేసుకోవచ్చు. దాని ఛాసిస్, అదే అడుగు చట్రం, యాడ్నించి వచ్చిందనుకున్నావు? ఈ హెరాల్డు ఛాసిస్‌నే కురచ చేసినారు. రెంటికీ బొమ్మ గీసింది గూడా ఒకాయనే, మిఛెలొట్టి, ఇటలీ ఆయన. రక్తసంబంధం!

రత్నమ్మ: మా పెదనాయన కొడుకు డిప్యూటీ కలెక్టరు. నన్ను గూడా సంతకాలు పెట్టమంటావా?

సుబ్బరామయ్య: నీతో మాట్లాడితే టైము దండగ. ఆ పెద్ద పానా ఇట్టియ్యి.

రత్నమ్మ: ఇయ్యను. ముందు నేనడిగిన దానికి జవాబు చెప్పు. గేరు పడినాక బండి బాగా పోతుందా?

సుబ్బరామయ్య: పోతుంది.

రత్నమ్మ: మోత?

సుబ్బరామయ్య: లేదు.

రత్నమ్మ: పడిన గేరు దానంతట అది ఊడిపోతుందా?

సుబ్బరామయ్య: పోదు. పడితే పట్టు వదలదు. పడడమే కష్టం.

రత్నమ్మ: అయితే పళ్ళు నిక్షేపంగా ఉండాయి. నీ చేతికీ ఆ పళ్ళకీ మధ్య దారి చెడింది. నువ్వేమో దారి వదిలేసి ఊరినే ఎత్తుకోని మద్రాసు పోతానంటుండావు.

సుబ్బరామయ్య: నువ్వేమన్నా మెకానిక్కువా?

రత్నమ్మ: నేను రైసుమిల్లు వాకిట్లో పుట్టినా. తిరిగే ఇరుసుకి తొడిగే బుష్ అరిగిన చప్పుడు జోలపాటగా ఇన్నా. 2022లో మా కందుకూరుని ప్రకాశం జిల్లాలోంచి తీసి నెల్లూరు జిల్లాలో పెట్టినారు. అంత ఊరే మారింది, నీ గేరు ఒకట్లోంచి రెండులోకి మారలేకపోతుండాది. పద, లివర్ పట్టుకో. నేను టార్చి ఏస్తా.

(ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కారు గేర్‌బాక్స్ మీది కప్పు కారు లోపలే ఉంటుంది. సీట్లు తీసి, ఆ కప్పు ఎత్తితే లివర్ అడుగు భాగం, దాని రాడ్డు అంతా కళ్ళెదుటే. కారు కింద దూరి వీపు గీరుకునే పని లేదు. సుబ్బరామయ్య కప్పు తీశాడు గానీ, తీసినాక చూడలేదు.)

రత్నమ్మ: కుడికి... ఎడమకి... మళ్ళీ కుడికి. నిదానంగా బావా! గుత్తితో పప్పు ఎనిపినట్టు ఎనపబాకు.

సుబ్బరామయ్య: నిదానంగానే.

రత్నమ్మ: చేతిలో పిడి ఎంత కదిలింది?

సుబ్బరామయ్య: రెండంగుళాలు.

రత్నమ్మ: కింద రాడ్డు ఉలకలేదు, పలకలేదు. నువ్వే చూడు. ఇదిగో, లివర్ కొన దగ్గర ఈ బుష్. ఏలు పెట్టు.

(ఆయన వేలు పెట్టాడు. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉండాలి, ఇప్పుడు బెల్లప్పాకం రంగు. ఒక పక్క నిలువునా చీలింది. గోటితో గీకితే పొలుసులు రాలాయి. ముక్క ఒకటి చూపుడు వేలికి అంటుకుని వచ్చింది. బుష్ పట్టుకునే పిన్ను మీద ఒక పక్కే నున్నటి గాడి పడింది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా సాగింది.)

సుబ్బరామయ్య: ఇంత ముక్కకా నేను రాత్రంతా నిద్రపోలేదు?

రత్నమ్మ: ఒక్క ముక్క కాదు. లివర్ గుండు దగ్గర కొంచెం లూజు, కొన దగ్గర కొంచెం, ఈ రాడ్డు పోయి గేర్‌బాక్స్ కాడతో కలిసే ఫోర్కులో ఇంకొంచెం. యాడికాడికి ఎంట్రుకవాసే. అన్నీ కలిసి పిడి దగ్గరికొచ్చేసరికి, గుండుకి పైన లివర్ ఎన్ని రెట్లు పొడుగుంటే లూజు అన్ని రెట్లు అవుతుంది. అందుకే రెండు అనుకోని నాలుగులో పెడుతుండావు.

సుబ్బరామయ్య: అంటే లోపం నా చేతిది కాదు!

రత్నమ్మ: నీ చేతిదని నేనెప్పుడన్నా?

సుబ్బరామయ్య: నిన్న అండర్‌బ్రిడ్జి కింద.

రత్నమ్మ: అది వేరే లోపం.

సుబ్బరామయ్య: సరే. ఇంగ్లండులో ఈ బండ్లకి ఇప్పటికీ సామాన్లు అమ్ముతారు. బుష్‌ల సెట్టు తెప్పిస్తా.

రత్నమ్మ: అది వచ్చేదాకా సీట్లు తులసికోట కాడేనా? ఎదురింటావిడ ఇప్పటికే వచ్చి ఒకదాంట్లో కూర్చోని పోయింది. ఆటోనగర్‌లో లేతు మిషను లేదా? ఈ బుష్‌లు టర్నింగ్ చేయించడం ఎంత పని?

సుబ్బరామయ్య: అయితే ఇత్తడివి చేయిస్తా. శాశ్వతంగా ఉంటాయి.

రత్నమ్మ: అదే వద్దు. ఇత్తడి వేస్తే ఇంజను అదురు నేరుగా పిడికి వస్తుంది, గలగలమని చప్పుడు. నూనె ఆరిపోతే పిన్నుని గూడా తింటుంది. బుష్ అరిగితే చిల్లరతో పోతుంది, పిన్నూ రాడ్డూ అరిగితే నిజంగానే పుదుపేట పోవాల. రెంట్లో అరిగేదెవరో ముందే నిర్ణయించి పెడతారు బావా.

సుబ్బరామయ్య: మనింట్లో ఎవర్ని నిర్ణయించినారు?

రత్నమ్మ: ఇన్నేళ్ళయినా తెలియలేదంటే బుష్ గట్టిదే.

సుబ్బరామయ్య: (గొంతు సవరించుకుని) పోనీ నైలాను?

రత్నమ్మ: బానే ఉంటుంది గానీ నైలాను గాలిలో తేమ పీలుస్తుంది, కొద్దిగా ఉబ్బుతుంది. మనది సముద్రం పక్క ఊరు, కార్తీకంలో గోడలే చెమర్చే ఊరు. డెల్రినని ఇంకో రకం గట్టి ప్లాస్టిక్కు, దాని కడ్డీ దొరికితే అది చేయించు, తేమ బాగా తక్కువ పీలుస్తుంది. కొలతలు తీసుకున్నావా?

సుబ్బరామయ్య: తీసుకున్నా. (మనవడి స్కేలు, కాగితం చూపించాడు.) ఇదిగో పాత బుష్ లోపలి కొలత, బయటి కొలత.

రత్నమ్మ: అరిగిపోయిన బుష్‌ని కొలిచినావా?

సుబ్బరామయ్య: మరి దేన్ని కొలవాల?

రత్నమ్మ: దాన్ని చూసి కొత్తది చేయిస్తే అది అరిగిపోయే పుడుతుంది! పిన్నుని కొలువు, గాడి పడని చోట. బుష్ కూర్చునే రంధ్రాన్ని కొలువు. అది కోలగా ఉంది గదా, ముందు రీమర్ పెట్టి గుండ్రం చేయించి, అప్పుడు దానికి తగ్గట్టు బుష్ బయటి కొలత. పెట్టెలో మా నాయన వెర్నియర్ ఉంది, తీసుకో. ఆ స్కేలు పిల్లోడికి ఇచ్చెయ్, పొద్దుట్నించీ ఎతుక్కుంటుండాడు.

(సోమవారం సాయంత్రం. బుష్‌లు వచ్చాయి. పాలతెలుపు, అంచులు నున్నగా, చేతిలో పట్టుకుంటే పారేసుకుంటామేమో అనిపించేంత చిన్నవి. లేతు మిషను అబ్బాయి ఏమన్నాడో సుబ్బరామయ్య చెప్పలేదు. వెర్నియర్ చూసి “ఎవర్సార్ మీకు కొలతలు ఇచ్చింది?” అన్నాడనీ, ఈయన “నేనే” అన్నాడనీ రత్నమ్మకి తర్వాత తెలిసింది.)

సుబ్బరామయ్య: దూరడం లేదే. సుత్తి ఇయ్యి.

రత్నమ్మ: సుత్తి ఎత్తినావంటే పానాల పెట్టె పుట్టింటికి పోతుంది, ఎనకాలే నేనూ పోతా. వైసులో పెట్టి మెల్లిగా నొక్కు. ఆఁ, అట్టా. ఇప్పుడు పిన్ను పెట్టి తిప్పు.

సుబ్బరామయ్య: బిర్రుగా ఉంది. మంచిదే గదా? ఇంక లూజనేదే ఉండదు.

రత్నమ్మ: మరీ బిర్రయితే పెట్టిన చోటే నిలబడతది లివరు, న్యూట్రల్లో వదిలితే మధ్యకి రాదు. చలికాలం పొద్దున రెండు చేతుల్తో గేరు మార్చాల. ఎమ్రీ కాగితం చుట్టి లోపల రెండు తిప్పులు తిప్పు. ఏలుతో తోస్తే తిరగాల, ఊపితే ఊగకూడదు. ఆ రబ్బరు రింగులకి ఏం పూస్తుండావు?

సుబ్బరామయ్య: గ్రీజు.

రత్నమ్మ: మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తది. సిలికాన్ గ్రీజు ట్యూబు పెట్టెలో అడుగున ఉంది. ఆ డబ్బా సగం అయిపోయిందేంది? మొన్ననే గదా కొన్నావు. యాడ పూసినావు?

సుబ్బరామయ్య: యాడో ఒకచోట. గ్రీజుకి లెక్కలు అడుగుతావేంది?

(లివర్ పెట్టారు, స్ప్రింగు పెట్టారు, పిన్ను పెట్టారు, కప్పు బిగించారు, సీట్లు తులసికోట దగ్గర్నించి ఇంటికొచ్చాయి. ఇదంతా రాస్తే మీరు చదవరు. రత్నమ్మ పక్క సీట్లో కూర్చుంది, చేతిసంచీతో సహా. ట్రంకు రోడ్డు ఎక్కారు.)

సుబ్బరామయ్య: ఒకటి... రెండు! ఇన్నావా? టక్కుమంది! రత్నా, టక్కుమంది! మూడు! చూడు, రెండేళ్ళతో పడుతుంది.

రత్నమ్మ: రోడ్డు చూడు.

సుబ్బరామయ్య: పిడి లొడలొడ గూడా లేదు. రేపే మైపాడు బీచికి పోదాం. ఇదిగో వి.ఆర్.సి. సెంటర్ వచ్చింది, స్లో చేసి మళ్ళీ ఒకటి...

(గర్ర్‌ర్ర్!)

సుబ్బరామయ్య: పోయింది! పళ్ళే! నేను మొదట్నించీ చెప్తుండా పళ్ళేనని!

రత్నమ్మ: మొదటి గేరుకి సింక్రోమెష్ లేదు బావా, అదే, పళ్ళ వేగాలు కలిపి మోత లేకుండా గేరు పడేటట్టు చేసేది. పైన మూడింటికే ఉంది. ఈ కారు పుట్టుకే అంత. బండి పూర్తిగా ఆగినాక ఒకటి వెయ్యి, ఆగకపోతే రెండుతోనే సర్దుకో. మా నాయన నీకు నేర్పించలా?

సుబ్బరామయ్య: మీ నాయన నేర్పించేటప్పుడు నేను నిన్ను చూస్తుండా.

రత్నమ్మ: (కిటికీ వైపు తిరిగి) ...రోడ్డు చూడు.

సుబ్బరామయ్య: ఇప్పుడు అసలు సంగతి చూపిస్తా. గాంధీబొమ్మ కాడ ఇట్టే తిప్పుతా చూడు. ఇరవై అయిదు అడుగుల్లో చుట్టూ తిరిగి వస్తుంది. ఇంకే కారుకుంది ఈ ఒడుపు? స్పోర్ట్స్ కారు!

(కారు తిరిగింది, అరటిపండ్ల బండివాడి గుండె ఆగేంత దగ్గరగా. తిరుగుతున్నంతసేపూ ముందు చక్రం దగ్గర కిర్రుమని చప్పుడు.)

రత్నమ్మ: అదేంది?

సుబ్బరామయ్య: ఏదీ?

రత్నమ్మ: గేరు లొడలొడలో ఇన్నాళ్ళూ ఇనపడలేదు. ముందు చక్రం కాడ. బావా, ఆ గ్రీజు డబ్బా సగం యాడ పెట్టినావు?

సుబ్బరామయ్య: బోనెట్ ఎత్తితే చక్రాల కాడ ఇత్తడివి రెండు ఉంటాయి గదా, చక్రం తిరిగేదానికి...

రత్నమ్మ: ట్రనియన్లు.

సుబ్బరామయ్య: ఆ, అయ్యే. ఎండిపోయినట్టుంటే దండిగా కుక్కినా. నన్ను మెచ్చుకోవాల నువ్వు.

రత్నమ్మ: ఆపు.

సుబ్బరామయ్య: ఏమైంది?

రత్నమ్మ: బండి పక్కకి తీసి ఆపు. (దిగింది, సంచీతో సహా.) వాటికి గ్రీజు పెట్టరు, గేర్ ఆయిలు పొయ్యాల! మా నాయన ఎన్నిసార్లు చెప్పినాడు! గ్రీజు మర చుట్ల సందుల్లోకి పోదు. అడుగున నీళ్ళు చేరి, లోపల నిలువు కడ్డీ తుప్పుపట్టి, ఒకరోజు మలుపులో పుటుక్కుమంటది. చక్రం పక్కకి పడుకుంటది.

సుబ్బరామయ్య: నిన్నగాక మొన్న పెట్టినా. ఒక్కరోజులో తుప్పు పడుతుందా?

రత్నమ్మ: అంతకుముందు ఎన్నేళ్ళు ఎండబెట్టినావో నీకు తెలుసా, నాకు తెలుసా? ఏ అబ్బయా, ఆటో! మూలాపేట వస్తావా?

సుబ్బరామయ్య: మరి నేను?

రత్నమ్మ: మెల్లిగా రా, రెండో గేరులో. బాగుచేసింది గదా, వాడుకో. మలుపులు మాత్రం తిప్పబాకు.

సుబ్బరామయ్య: (కిటికీలోంచి తల బయటపెట్టి, కదులుతున్న ఆటో వైపు) రత్నా! మలుపు లేకుండా మూలాపేటకి దారి యాడుంది?